పాట కావలెను, పాడువారు వద్దా?

ధ్యానమునకు చదువవలసిన భాగములు: 1 సమూయేలు 16:14–23, 18:6–11, యెహెజ్కేలు 33:30–33, యాకోబు 2:1–9



సౌలు రాజు దురాత్మచేత బాధపడుచున్న దినములలో అతని సేవకులు బేత్లెహేమునుండి ఒక గొఱ్ఱెల కాపరిని పిలిపించిరి. ఆ చిన్నవాడు సితారా వాయించినప్పుడెల్ల రాజునకు నెమ్మది కలుగుచుండెను. రాజు ఆ వాయిద్యము లేక ఉండలేకపోయెను. అయితే అదే రాజు, అదే యింటిలో, ఆ చిన్నవాని చేయి తీగెల మీద ఉండగానే, అతనిమీదికి ఈటె విసరెను. ఒకసారి విసరి పశ్చాత్తాపపడినవాడు కాడు. మరల మరల విసరెను. అతనికి పాట కావలెను, పాడువాడు వద్దు.

ఈ రెండును ఒక్క మనస్సులో ఎట్లు ఇమిడెను? పాట విని నెమ్మది పొందినవాడు పాడినవానికి ఏమైనను ఋణపడియున్నాడా, లేక వినుటతో లెక్క తీరిపోయెనా? ఈ మాసము ఈ సంగతిని మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాము.

ఈ ప్రశ్న ఊరకే పుట్టినది కాదు. మన నల్లగొండ, పాలమూరు సీమల సంఘములలో నేడు అనేకుల యిండ్లనుండి పిల్లలు చదువులకును ఉద్యోగములకును పరదేశములకు వెళ్లియున్నారు. వారిని చూడబోయిన తల్లిదండ్రులు మూడు నెలలో ఆరు నెలలో అక్కడ ఉండి వచ్చుచున్నారు. “సంగీతసభకు పోదము రండి” అని పిల్లలు పిలిచినప్పుడు, అక్కడ పాడునవి ఆరాధన పాటలు కావు గనుక పోవచ్చునా పోరాదా అని సందేహించి అడిగినవారు ఉన్నారు. మేమును ప్రయాణములో ఉన్నప్పుడు అమెరికాలోని ఫిలదెల్ఫియా పట్టణమందు అట్టి సభయొక్కదానిలో కూర్చుంటిమి గనుక, ముందు ఆ సందేహమునకు జవాబు చెప్పి, తరువాత అసలు సంగతికి వచ్చెదము.

ఒపెరా అనగా కథ అంతయు పాటగానే నడుచు నాటకము. మన వీథిభాగోతమును, చిందు యక్షగానమును చూచినవారికి ఇది వింత కాదు. రాజు కోపించినను పాడును, తల్లి ఏడ్చినను పాడును, చచ్చువాడును పాడుచు చచ్చును. అట్టి నాటకములలో పాడువారు కొన్ని దినములలో వేషము లేకుండ, కథ లేకుండ, ఒంటరిగా నిలువబడి పాటలు మాత్రము పాడుదురు. మేము చూచినది అట్టి సభ. సుమారు 2,500 మంది కూర్చుండగల మందిరము. పాడిన యామె యెదుట మైకు లేదు. వెనుక వాద్యబృందము నిండుగా మ్రోగుచుండగా, దాని మీదుగా ఆమె కంఠము కడపటి వరుసవరకు వచ్చెను. పాడినవి ఇటలీ భాషయు జర్మను భాషయు. మాకు ఒక్క మాటయు తెలియలేదు. అయినను ఒక పాటలో ఎవరో ఎవరినో పోగొట్టుకొని దుఃఖించుచున్నారని తెలిసినది. మన ఊళ్లలో చావు ఇంట శోకము పెట్టు స్త్రీ గొంతు ఎరిగినవారికి ఆపాటి తెలియకుండ పోదు.

పోవచ్చునా అని అడిగినవారికి మా జవాబు చిన్నది. యోనాతాను చనిపోయినప్పుడు దావీదు పాడిన విలాపము ఆరాధనలో పాడినది కాదు. స్నేహితుని కొరకు పాడినది. అది మన బైబిలులోనే ఉన్నది. మనుష్యుని దుఃఖమును సంతోషమును నిజముగా పాడిన పాటను వినుట పాపము కాదు. పడమటి స్వరములు మనకు కొత్తయు కావు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో కర్ణాటక రాగములలో కట్టిన కీర్తనల ప్రక్కనే పరదేశపు రాగములమీద వ్రాసిన పాటలును ఉన్నవి. మన ముసలమ్మలు చెప్పులు గుమ్మము బయట విడిచి, చాపమీద కూర్చుండి, రెంటిని ఒకే గొంతుతో పాడుచున్నారు.

కాని “ఏ పాట విన్నావు?” అనుదానికంటె లోతైన ప్రశ్న ఒకటి ఉన్నది. “పాడినవారిని ఏమి చేసితివి?” అనునది ఆ ప్రశ్న. మేము కూర్చున్న మందిరపు పేరే దానిని మాయెదుట పెట్టినది. 2024వ సంవత్సరమునుండి దానికి మేరియన్ ఆండర్సన్ మందిరమని పేరు. ఆమె యెవరో మన సంఘములవారు తెలిసికొనుట మంచిది.

ఆమె 1897 ఫిబ్రవరి 27న అదే ఫిలదెల్ఫియాలో నల్లజాతి కుటుంబమున పుట్టెను. తండ్రి మంచుగడ్డలును బొగ్గులును అమ్మి బ్రదికినవాడు. ఆమె యింకను పసిదై యుండగానే అతడు చనిపోయెను. తల్లి ఇతరుల బట్టలు ఉదికి, పరుల యిండ్లలో పనిచేసి ముగ్గురు ఆడుబిడ్డలను పెంచెను. ఆరేండ్ల వయస్సున మేరియన్ యూనియన్ బాప్తిస్టు సంఘపు పిల్లల గాయకబృందములో చేరెను. పెద్దదైన తరువాత ఒక సంగీత పాఠశాలకు వెళ్లి వరుసలో నిలువబడగా, నల్లవారిని చేర్చుకొనమని చెప్పి పంపివేసిరి. అప్పుడు ఆ సంఘస్థులే చందాలు వేసికొని ఆమెకు గురువును కుదిర్చిరి. వారు ధనవంతులు కారు. కూలిపని, వంటపని చేసికొని బ్రదుకువారు. తమలో పుట్టిన స్వరము తమదని ఎంచిరి గనుక తమ చిల్లరను దానికొరకు విప్పిరి.

ఆమెది స్త్రీల స్వరములలో మిక్కిలి లోతైన స్వరము. తన దేశములో తలుపులు తెరవబడలేదు గనుక ఆమె ఐరోపాకు వెళ్లి అక్కడ పేరు పొందెను. 1935లో ఆస్ట్రియా దేశపు సాల్జ్‌బర్గు పట్టణమున ఆమె పాట విని, తొస్కనీని అను గొప్ప సంగీత విద్వాంసుడు ఇట్టి కంఠము నూరేండ్లకు ఒకసారి వినబడునదని చెప్పెను. ఆ పేరుతో ఆమె తన దేశమునకు తిరిగివచ్చెను. సభలు నిండెను, చప్పట్లు మ్రోగెను. అయితే 1937లో ప్రిన్‌స్టన్ అను ఊరిలో ఆమె పాడినప్పుడు, పాట వినుటకు ఊరు వచ్చెను గాని, ఆ రాత్రి తల వాల్చుకొనుటకు ఆ ఊరి హోటలులో ఆమెకు గది దొరకలేదు. అప్పుడు శాస్త్రజ్ఞుడైన ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఆమెను తన యింటికి పిలుచుకొని అతిథిగా ఉంచుకొనెను. తరువాతను ఆమె పలుమారులు ఆ యింటనే దిగెను.

1939లో ఆమె వాషింగ్టను నగరమున పాడవలెనని ఏర్పాటు చేయగా, అక్కడి పెద్ద సంగీతమందిరమునకు సొంతదారులైన ఒక స్త్రీల సమాజమువారు, నల్లవారికి తమ వేదిక ఇయ్యమనిరి. ఆ సమాజములో సభ్యురాలైన దేశాధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్‌వెల్టు అందుకు నిరసనగా తన సభ్యత్వమును విడిచిపెట్టెను. ఏప్రిల్ 9న, ఈస్టరు ఆదివారమున, అబ్రహాము లింకను స్మారకమందిరపు మెట్లమీద, చలిలో, ఆకాశము క్రింద మేరియన్ పాడెను. 75,000 మంది వచ్చిరి. నల్లవారును తెల్లవారును కలిసి నిలిచిరి. ఇంకను లక్షలాదిమంది రేడియోలో వినిరి. ఒపెరా పాటయు పాడెను, బానిసలైన తన పితరులు పత్తిచేలలో పాడుకొన్న భక్తిపాటలును పాడెను. తలుపు మూసిన ఆ మందిరములోనే 1943లో ఆమె పాడెను. జాతినిబట్టి వేరువేరుగా కూర్చుండబెట్టని సభయెదుట పాడెను.

న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపెరా వేదికమీద ఒక నల్లజాతి గాయకురాలు నిలువబడుటకు 1955 జనవరి 7 వరకు కాలము పట్టెను. ఆ మొదటి గాయకురాలు మేరియనే. అప్పటికి ఆమెకు 57 ఏండ్లు. కంఠపు యౌవనబలము దాటిపోయియుండెను. 1957లో ఆమె ఆసియా దేశముల ప్రయాణములో మన దేశమునకును వచ్చి, ఢిల్లీలో గాంధీ మహాత్ముని స్మారకసభయందు ఒక క్రైస్తవ కీర్తన పాడెను. 1993లో, 96 ఏండ్ల వయస్సున, ఆమె నిద్రించెను.

ఇప్పుడు ఆలోచింపుడి. ప్రిన్‌స్టనులో ఆ రాత్రి పాట విన్నవారు చెడ్డవారని అనుకొందుమా? వారు చదువుకొన్నవారు. సంగీతము ఎరిగినవారు. పాట వినుచు కన్నీరు తుడుచుకొన్నవారును వారిలో ఉండవచ్చును. వారు టిక్కెట్టు కొనిరి, చప్పట్లు కొట్టిరి. ఇంతకంటె వారు ఏమి చేయవలసియుండెను?

ఒకడు ఇట్లు వాదింపవచ్చును: “కుమ్మరివద్ద కుండ కొంటిని, వెల చెల్లించితిని. కుమ్మరి ఎక్కడ పడుకొనునో నాకేమి? పాటయు అంతే. సొమ్ము ఇచ్చితిని, వింటిని, లెక్క సరి.” ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు, సంతలో మనమందరమును ఇట్లే నడుచుకొనుచున్నాము. అయినను కుండను కుమ్మరినుండి విడదీసి ఇంటికి తెచ్చుకొనవచ్చును. పాటను పాడువారినుండి విడదీయుట ఎట్లు? అది వారి ఊపిరి. వారి తల్లి చాకిరియు, వారి తండ్రి చావును, వారు నిలువబడి గెంటివేయబడిన వరుసలును అన్నియు ఆ ఊపిరిలో ఉన్నవి. ఆ దుఃఖమువలననే పాటలో లోతు కలిగినదని మెచ్చుకొని, ఆ దుఃఖమును కలిగించు తలుపును మాత్రము మూసియుంచినయెడల, అది వెల చెల్లించుట కాదు. బబులోనువారు చెరపట్టి తెచ్చినవారిని కూర్చుండబెట్టి సీయోను పాట పాడుడని అడిగినట్లే అగును. 137వ కీర్తన చదువుడి; ఆ చెరవారు సితారాలను చెట్లకు తగిలించిరి.

మరియొకడు ఇట్లనవచ్చును: “పాట మనస్సును మెత్తబరచును. విన్నవారు క్రమముగా మారుదురు. ఓర్చుకొనవలెను.” ఇందులో కొంత నిజమున్నది. 1939లో ఆ మెట్లయొద్ద విన్నవారిలో మార్పు కలిగియుండవచ్చును. కాని సౌలును చూడుడి. దావీదు పాట వినువారిలో సౌలుకంటె ఎక్కువ విన్నవారెవరు? అతడు నిజముగా నెమ్మది పొందెను. వాక్యము అట్లే చెప్పుచున్నది. అయినను ఈటె చేతినుండి దిగలేదు. యెహెజ్కేలునొద్దకు వచ్చినవారును అట్టివారే. మంచి గొంతుగలవాడు వాద్యము వాయించుచు పాడినట్లు ప్రవక్త మాట వారికి ఇంపుగా నుండెను; విని ఇంటికి పోయి తమ పాత పనులే చేసికొనిరి. కాబట్టి పాట మనకు బదులుగా మంచిపని చేయదు. అది గుమ్మమువరకు మనలను తీసికొనిపోవును. తలుపు తీయవలసినది మన చేయి. ఆ ఊరిలో ఐన్‌స్టీన్ చేసినది పెద్ద ఉపన్యాసము కాదు. ఇంటిలో ఒక గది ఇచ్చుట మాత్రమే.

ఇదంతయు అమెరికా సంగతి అని ఎవరును అనుకొనకుడి. మన తాతల కాలమున పెండ్లికి డప్పు, చావుకు డప్పు, జాతరకు డప్పు, చాటింపుకు డప్పు కావలసియుండెను. మంటయొద్ద కాచి బిగించిన ఆ డప్పు మ్రోగనిదే ఊరిలో పండుగ మొదలుకాలేదు. కొట్టినవాడు మాత్రము వాకిలి దాటి లోపలికి రాలేదు. వాని విస్తరి బయటనే. క్రీస్తును నమ్మిన తరువాత విగ్రహముల యెదుట డప్పు కొట్టమని చెప్పినందుకు హింసలు పడినవారు తెలుగుదేశపు సంఘముల చరిత్రలో ఉన్నారు. ఊరికి డప్పు కావలెను; డప్పు కొట్టువాని మనస్సాక్షి వద్దు. దేశమంతట ఆనకట్టలకును కాలువలకును రాళ్లు మోసిన పాలమూరు కూలీల సంగతియు ఇట్టిదే. నీళ్లు అందరికి కావలెను. తట్టమోసినవారి పేరు ఎవరికి కావలెను?

మన కాలపు సంగతి ఒకటి చెప్పెదము. ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లాలో, మునుపటి మహబూబ్‌నగరు జిల్లాలోనిదే, దర్శనం మొగులయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర వాయించు కళాకారులు. సొరబుర్రలతో చేసిన ఆ వాద్యమును వాయించుచు పాలమూరు వీరుల కథలు పాడువారు ఇప్పుడు బహు కొద్దిమంది. 2021లో ఒక చలనచిత్రమునకు ఆయన పాడిన పాట ఊరూర మ్రోగెను. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చెను. 2024లో అదే మొగులయ్యగారు హైదరాబాదు దగ్గర ఇల్లు కట్టుచోట కూలిపని చేయుచున్నారని పత్రికలలో వచ్చెను. కూలిపని అవమానము కాదు. మనలో అనేకులు చేయునది అదే. అయితే ఆ పాటకు తల ఊపిన మన రాష్ట్రమంతయు, పాడినవారు ఏమి తినుచున్నారని అడుగుటకు ఆ వార్త రావలసివచ్చినది.

ఇంకొక మెట్టు దిగి చూడవలెను. మొగులయ్యగారు డక్కలి కులస్థులు. డక్కలివారు తరతరములుగా మాదిగలకు ఆశ్రితులు; మాదిగ వాడలయొద్దకు వచ్చి జాంబపురాణము చెప్పి, పాడి, వారియొద్దనే యాచించి బ్రదికినవారు. ఊరు మాదిగవానిని వాకిట నిలిపినట్లే, మాదిగవాడ డక్కలివానిని వాడ వెలుపల నిలిపినది. పాట వినిరి, పురాణము వినిరి, త్యాగము ఇచ్చిరి, అంటుకొననియ్యలేదు. మన సంఘములలో చాలమంది ఏ వాడలనుండి వచ్చితిమో మనకు తెలియును. ఈటె తగిలినవాని చేతిలోను మరియొక చిన్న ఈటె ఉండవచ్చునని ఇందువలన తెలియుచున్నది. మనమీద మూయబడిన తలుపును గూర్చి మొఱ్ఱపెట్టుట న్యాయమే. అయితే మన చేయి ఏ తలుపు గొళ్లెముమీద ఉన్నదో చూచుకొనుటయు న్యాయమే.

యాకోబు భక్తుడు సంగీతసభను గూర్చి వ్రాయలేదు. మన ఆరాధనసభను గూర్చి వ్రాసెను. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి చోటును, మాసిన బట్టలవానికి నిలుచుండు చోటును చూపువారిని అడిగెను. మేరియన్ ఆండర్సన్ ఆ వాక్యమును కుర్చీలతో బోధించెను. తన సభలలో నల్లవారిని ఒక మూలకు నెట్టక, ముందు వరుసనుండి కడపటి వరుసవరకు ప్రతి భాగములోను వారికి చోటు ఉండవలెనని మొదట పట్టుపట్టెను. తరువాత అదియు చాలదని, వేరుచేసి కూర్చుండబెట్టు సభలలో పాడనే పాడనని నిశ్చయించుకొనెను. పాట అమూల్యమైనది గనుకనే దానిని అట్టి చోట ఇయ్యలేదు.

మన సంఘములలో పాట నడిపించువారెవరు? అనేక చోట్ల అక్షరము రాని విధవరాలు, ఉపాధిపని చేసికొను అక్క, డోలకు వాయించు కూలిపిల్లవాడు. ఆదివారము వారు లేకపోయినయెడల ఆరాధన చప్పబడును. సోమవారము వారిని ఎవరు తలంచుచున్నారు? క్రిస్మసు పండుగలకు, పెండ్లిండ్లకు రాత్రి ప్రొద్దుపోవువరకు భజన చేయించుకొని, పెద్దల పంక్తులన్నియు అయిన తరువాత మిగిలినది వారికి పెట్టుచున్నామా? పాట బాగున్నదని చెప్పి, ఆ బిడ్డ బడి మానిపించబడిన సంగతి ఎరుగకయున్నామా? ఒక కులమువారు కట్టిన గుడిలో మరియొక కులపు గొంతు వినబడినప్పుడు మన ముఖములు ఎట్లున్నవి? యూనియన్ బాప్తిస్టు సంఘము చిల్లర చందాలతో చేసిన పని మన చిన్న సంఘములు చేయలేనిది కాదు. పాడు బిడ్డకు చదువు, వాయించు పిల్లవానికి మొదటి పంక్తిలో విస్తరి, పాట నేర్పిన ముసలమ్మ జబ్బుపడినప్పుడు మందులఖర్చు. ఇవి వినినవారి అప్పు.

మేరియన్ తన్నుగూర్చి చెప్పుకొనునప్పుడు “నేను” అనుమాట చాల తక్కువగా వాడెనట. పాట వ్రాసినవాడు, వాద్యము చేసినవాడు, ప్రక్కన వాయించువాడు ఇందరు కలిసినప్పుడు పాట పుట్టుచున్నది గనుక అందులో తన పాలు చిన్నదని చెప్పెను. పాడువారే అంత తగ్గించుకొన్నప్పుడు, ఊరకే కూర్చుండి విన్న మనము ఎంత తగ్గించుకొనవలెను!

దావీదును గూర్చి కడపటి మాట. గిల్బోవ కొండమీద సౌలు చచ్చిన వార్త వచ్చినప్పుడు, ఈటె తప్పించుకొని పారిపోయిన ఆ గాయకుడే, యోనాతాను కొరకు మాత్రమే గాక సౌలు కొరకును విలాపగీతము పాడి, దానిని యూదావారికి నేర్పుడని చెప్పెను. ఇది దావీదు ఔదార్యము. సౌలునకు నిర్దోషపత్రము కాదు. బ్రదికియుండగా అతనికి లెక్కలేనన్ని దినములు ఇయ్యబడెను. ఆ దినములలో ఏ ఒక్క సాయంకాలమైనను అతడు ఈటె క్రింద పెట్టి, సితారా ఆగిన తరువాత, “కుమారుడా, భోజనమునకు నా ప్రక్కన కూర్చుండుము” అని మనస్ఫూర్తిగా పిలిచియుండవచ్చును. ఆ చిన్నమాట అతని నోట రాలేదు. మనకు ఇంకను దినములు ఉన్నవి, పాడువారు మన మధ్యనే ఉన్నారు. ఆ మాట మన నోట ఉంచుమని ప్రభువును వేడుకొందము. ఆమేన్.